ఎండకు తొంభై శాతం రాయితీ

పనాయ్ దీవి తీరంలో చేపలు ఎండలో ఎండుతున్నాయన్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చింది. వెంటనే తగు చర్యలు చేపట్టారు.

తొలి లబ్ధిదారు పెర్పెతువా. భర్త పోయాక ఇరవై ఏళ్ళుగా వెదురు తడకల మీద చేపలు ఎండబెట్టి, అమ్మి, ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి. ఆమెకు తొంభై శాతం రాయితీతో చేపలెండబెట్టే సౌర యంత్రం మంజూరైంది. అంటే పెరట్లో ఒక గాజు గది వెలిసింది. కాలం చెల్లిన పరికరాలను నిర్మూలించాలన్న నిబంధన ఉంది గనుక ఆమె తడకలను ఆమె చేతనే తగలబెట్టించి ఫొటో తీసుకున్నారు.

గదిలో గాలి ఆడాలంటే ఫ్యాను తిరగాలి. ఫ్యానుకు కరెంటిచ్చే సౌర పలకలు రెండో విడతలో వస్తాయి. అందాకా ఇబ్బంది పడకుండా ఒక డీజిల్ జనరేటరు ఉచితంగా ఇచ్చారు. డీజిల్ మాత్రం ఇవ్వలేదు. అది పర్యావరణానికి మంచిది కాదు కదా!

మొదటి గంపెడు చేపలు ఎండలేదు, ఉడికాయి. రెండో గంపకు పురుగు పట్టింది. చేపలు దండిగా పడేది ఏడాదికి మూడు నెలలే. అందులో ఒకటి అయిపోవచ్చింది. పెర్పెతువా గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

"ఏడిస్తే చేపలెండుతాయా అక్కా?" అన్నాడు పక్కింటి క్రిస్పులో.

"నీ నోరు పడ! తడకలు కాలుతుంటే ఈలలేసింది నువ్వు కాదూ?"

"ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ భోజనం పెట్టారు కదక్కా, మరి!"

మర్నాడు పొద్దున్నే ఆమె గౌను ఎగదోపి నిచ్చెన ఎక్కింది. గాజు గది పైకప్పు నిండా చేపలు పరిచింది. రెండు రోజుల్లో గలగలలాడుతూ ఎండాయి.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు వెలార్డేకు నాలుగు చేపలు వేయించి, పుల్లటి కొబ్బరి వెనిగరుతో పెట్టింది. తిని, ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఇవి మన యంత్రం మీద ఎండినవేనా అమ్మా?"

"యంత్రం మీదే సార్," అంది పెర్పెతువా. ఆమె అబద్ధమాడే మనిషి కాదు.

"మిత్రులారా! సూర్యుణ్ణి సామాన్యుడి పెరట్లోకి దించిన ఘనత మన శాఖది!" అని ఆ సాయంత్రం సభలో వెలార్డే ప్రకటించాడు. నివేదికలో విజయం నూటికి నూరు శాతమని రాశారు.

వారం తిరక్కుండా ఊళ్ళో నలభై ఒక్క దరఖాస్తులు పడ్డాయి. అందరికంటే ముందు పెట్టినవాడు క్రిస్పులో. అతను సైకిళ్ళు బాగుచేస్తాడు.

"పనికిరాదని కళ్ళారా చూశావు, నీకెందుకురా?" అంది పెర్పెతువా.

"భలేదానివే అక్కా! ప్రజల సొమ్ము. మనం తీసుకోకపోతే వృథా అయిపోదూ?"