రోహిణి మేడం చిలకపచ్చ చీర

ఆ రోజు పొద్దున రోహిణి మేడం వేసుకున్న పథకం చాలా చిన్నది. మెరూన్ రంగు గద్వాల చీర కట్టుకోవాలి, ఫంక్షన్ హాలుకు వెళ్ళాలి, టీవీ కెమెరా ముందు నిలబడి "ఆ మాట నాది" అని ఒక్కసారి చెప్పి ఇంటికి రావాలి. చీర ముందురోజే ఇస్త్రీ అయింది. మాట మాత్రం ఏళ్ళ తరబడి గొంతులోనే ఉంది.

ఆ మాట ఏమిటంటే, "మొత్తం విన్నంకనే కత్తెర పట్టు." గద్వాలలో తను నడిపే ఫ్యాషన్, కుట్టు శిక్షణ కేంద్రంలో, కొలతలు సగం వినగానే గుడ్డ మీద కత్తెర ఆడించే పిల్లలందరినీ రోహిణి అలాగే తిడుతుంది. ఉప్పునుంతల నుంచి వచ్చిన లహరి కూడా ఆ తిట్లు తింటూనే పని నేర్చుకుంది. తర్వాత హైదరాబాద్ వెళ్ళి ఫ్యాషన్ కాలేజీలో పాఠాలు చెప్పింది, టీవీలో 'కత్తెర రాణులు' పోటీకి మెంటర్ అయింది. ప్రతి ఆదివారం పోటీదారుల వైపు వేలు చూపించి ఆ మాటే అంటుంది. జనం చప్పట్లు కొడతారు. ఇప్పుడది టీ కప్పుల మీద కూడా అచ్చయింది. మొన్న ఒక తల్లి కూతురిని కేంద్రంలో చేర్పించడానికి వచ్చి, "మీరు గుడ లహరి మేడం లెక్కనే చెప్తున్నరే!" అని మెచ్చుకుంది. ఆ పూట రోహిణికి అన్నం సహించలేదు.

ఆమెకు లహరి అంటే కుళ్ళు. దాన్ని ఆమె కుళ్ళు అనదు, న్యాయం అంటుంది. ఇప్పుడు ఆ పోటీ గద్వాలకే వచ్చింది, అదీ ప్రత్యక్ష ప్రసారం. పాత గురువును, ఆమె శిష్యురాళ్ళను వేదిక మీదికి పిలుస్తానని లహరే కబురు పంపింది. ఊరందరి ముందూ తన మాట తను వెనక్కి తెచ్చుకోవడానికి రోహిణికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు.

కాఫీ తాగుతుండగా లహరి ఫోన్ చేసింది.

"మేడం, ఏ చీరన్న కట్టుకోండ్రి గని, ఆకుపచ్చది మాత్రం వద్దు. ఎందుకంటే అక్కడ..."

"సరే సరే" అని రోహిణి ఫోన్ పెట్టేసింది.

"ఏందంట?" అన్నాడు చీరల దుకాణానికి బయలుదేరుతున్న భర్త తిరుపతయ్య.

"ఆకుపచ్చ కట్టొద్దంట. అంటె ఆమె ఆకుపచ్చ కడ్తదన్నట్టు. పక్కన నేను గదే రంగుల నిలవడితె ఆమెను ఎవ్వరు చూడరని భయం!"

"ఎందుకు వద్దన్నదో అడగకపోయినవా?"

"అడిగేదేముంది? కడుపు మంట!"

కడుపు మంట ఎవరిదో తిరుపతయ్యకు అర్థమైంది కాని, మధ్యాహ్నం భోజనానికి మళ్ళీ ఈ ఇంటికే రావాలి కనుక ఊరుకున్నాడు.

మెరూన్ చీర బీరువాలోకి వెళ్ళింది. రోహిణి భర్త దుకాణం మీద పడి, ఎర్రటి పట్టు అంచు, ఎర్రటి కొంగు ఉన్న చిలకపచ్చ చీర తీసింది. అంతటితో ఆగలేదు. శిష్యురాలు అమూల్యకు ఫోన్ చేసి, "అందర్ని దుకాణానికి రమ్మను. ఆకుపచ్చ చీరలన్ని మనయే" అంది. తిరుపతయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, ఖాళీ అవుతున్న అర వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఫంక్షన్ హాల్లో వేదిక వెనక పెద్ద ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. రోహిణికి ఒళ్ళు మండిపోయింది. "చూసినవా అమూల్యా? చీరకు మ్యాచింగ్ అని పరద గుడ ఆకుపచ్చదే కట్టించుకున్నది!"

అంతలో లహరి వచ్చింది. ఆమెది నీలం చీర. రోహిణి ఒక్క క్షణం తడబడి, వెంటనే సర్దుకుంది. తను ఆకుపచ్చలో వచ్చిందని ఎవరో చెప్పి ఉంటారు, భయపడి మార్చుకుంది. ఇంకేముంది, సగం గెలిచినట్టే.

డైరెక్టర్ అరుణ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మేడం, జర చీర మార్చుకోవాలె."

"ఎవరు చెప్పమన్నరు? లహరా?"

"అవును మేడం, పొద్దుగాల్నే మీకు..."

"తెల్సు. నేను మార్చ." రోహిణి గట్టిగా అని, పిల్లలందరినీ వెంటేసుకుని వేదిక ఎక్కింది. అప్పటికే దీపాలు వెలిగాయి, ప్రసారం మొదలైంది.

"ఈ మాటకు మీరందరు చప్పట్లు కొడ్తరు కద?" అంది లహరి మైకులో. "మొత్తం విన్నంకనే కత్తెర పట్టు. ఇది నా మాట కాదు. నాకు కుట్టు నేర్పిన మా రోహిణి మేడం మాట. ఇయ్యాల మా మేడం ఊర్లనే మీకు చెప్దామని వచ్చిన."

రోహిణికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ కోపం ఏమైపోయిందో తెలియలేదు. లహరి వంగి ఆమె పాదాలు తాకింది. హాలంతా ఒక్కసారిగా హోరెత్తింది. అవి చప్పట్లని రోహిణి అనుకుంది. అవి నవ్వులు.

ముందు వరసలో కూర్చున్న పక్కింటి సత్తెమ్మ గొంతు అన్నిటికన్నా పైకి లేచింది. "ఓ రోహిణమ్మా, నీ నడుమెటు పోయిందే?"

రోహిణి హాలు చివర ప్రసారం చూపిస్తున్న పెద్ద తెర వైపు చూసింది. వెనక ఆకుపచ్చ గుడ్డ స్థానంలో కనిపించాల్సిన గద్వాల కోట బొమ్మ, ఆ తెర మీద ఆకుపచ్చగా ఉన్న ప్రతి చోటా వచ్చేస్తోంది. కోట గోడ ముందు రోహిణి తల, ఎర్ర జాకెట్టు, ఎర్ర కొంగు ఉన్నాయి. కింద ఎర్ర అంచు గాలిలో వేలాడుతోంది. మధ్యలో అంతా కోట గోడే. వెనక శిష్యురాళ్ళ తలలు, వాటి కింద రంగురంగుల అంచులు అటూ ఇటూ కదులుతున్నాయి. లహరి రోహిణి ఎర్ర అంచుకు భక్తిగా దండం పెడుతోంది.

కిందికి దిగాక రోహిణి పళ్ళు కొరుకుతూ అడిగింది. "నాకు జర సమజయ్యేటట్టు చెప్పరాదే?"

"చెప్తనే ఉన్న మేడం. మీరే ఫోన్ పెట్టేసిండ్రు" అంది లహరి, పాత శిష్యురాలిలా తల వంచుకుని.

సాయంత్రానికి ఆ వీడియో వనపర్తి, నాగర్‌కర్నూల్ దాటి కల్వకుర్తి దాకా ఫోన్లలో తిరిగింది. మర్నాడు పొద్దున ఒక పత్రిక నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, 'మొత్తం విన్నంకనే కత్తెర పట్టు' అన్న మాట మీదేనంట కద? ఎందుకడుగుతున్నమంటే..."

"నాది కాదు. లహరిదే" అని, రోహిణి ఫోన్ పెట్టేసింది.