సబ్‌మెరైన్‌లో బెల్లం ప్రసాదం

ఆదివారం పొద్దున్నే త్రినాథ్ అద్దం ముందు నిలబడి నుదుటి మీది బొట్టు శుభ్రంగా తుడిచేసుకున్నాడు. నక్కపల్లి హైస్కూల్లో సైన్సు చెప్పే సుప్రియ ఫోన్లో ముందే తేల్చేసింది మరి.

"ఇంట్లో పెళ్లిచూపులొద్దండి. వైజాగ్ బీచ్‌లో సబ్‌మెరైన్ చూత్తా మాటాడుకుందాం. కనపడ్డ ప్రతిదానికీ దణ్ణం పెట్టీ మనిషైతే మాత్రం నాకు పడదు."

ఫొటోలోనే నచ్చేసిన పిల్ల. ఆ గొంతు విన్నాక త్రినాథ్‌కు వేరే సంబంధం మాటెత్తితే అన్నం సహించడం లేదు. తోడుగా నాయనమ్మ కాసులమ్మను తీసుకుని అనకాపల్లిలో బస్సెక్కాడు. ఆవిడ చంకలో ఆడపిల్లవారి కోసం బెల్లం మూట.

ఒడ్డున నిలబెట్టిన ఆ పాత సబ్‌మెరైన్‌లోకి వెళ్లాలంటే ఇనప మెట్లెక్కాలి. "సెప్పులు జారతన్నాయిరా" అంటూ కాసులమ్మ వాటిని కిందే వదిలేసింది. వెనకొచ్చిన కుటుంబం ఆ చెప్పులు చూసి తమవీ విప్పింది. ఆ వెనకవాళ్లు ఎందుకని అడగను కూడా లేదు. మనవాళ్లకు గుమ్మం ముందు రెండు జతలు కనిపిస్తే చాలు.

లోపల దారి ఒక మనిషి పట్టేంత. గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇనప ద్వారం. నడుం వంచి దూరాల్సిందే. రెండో ద్వారం దాటగానే కాసులమ్మ కళ్లు తిరిగి, నావికుల మంచం మీద కూలబడింది. త్రినాథ్ కంగారుగా మూట విప్పి ఆవిడ నోట్లో బెల్లం ముక్క పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఓ పెద్దాయన ద్వారంలోంచి వంగి వచ్చి, ఎదురుగా బెల్లంతో నిలబడ్డ మనిషిని చూసి చెయ్యి చాపాడు. పెద్దవాడు చెయ్యి చాపితే లేదనడం ఎలా? ఓ ముక్క పెట్టాడు. ఆయన కళ్లకద్దుకున్నాడు.

ఇక వచ్చినవాళ్లందరూ వంగడం, చెయ్యి చాపడం.

"ఇది ప్రసాదం కాదండీ బాబూ!"

"అయినా పెట్టండి."

ఒకావిడ సంచిలోంచి కుంకుమ తీసి ముందు గోడ మీది పైపుకీ, తర్వాత త్రినాథ్ నుదుటికీ పెట్టింది. "ఏ అమ్మోరండి ఈవిడ?"

"ఇన్నేళ్లు సముద్రంలో మునిగి తేలిందంట. మామూల్దేటి?" అంది కాసులమ్మ మంచం మీంచి.

మళ్లీ ఓ తల వంగి వచ్చింది. సుప్రియ పెద్దమ్మ. ఆ మసక వెలుతురులో, అంత బొట్టు వెనక ఆవిడ ఫొటోలో చూసిన త్రినాథ్‌ను పోల్చుకోలేదు. "బాబూ, ఇయాల మా పిల్లకి సూపులు. అనకాపల్లి సమ్మంధం. ఖాయమైపోవాలని దీవించండి."

వెనకే సుప్రియ. ఆమె మాత్రం పోల్చుకుంది. త్రినాథ్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో మిగిలింది ఆఖరి ముక్క.

"అబ్బాయి ఎలాటోరో కూడా చెప్పండి పంతులుగారూ" అంది సుప్రియ.

"మొహమాటస్తుడండి" అన్నాడు త్రినాథ్ దీనంగా. "ఎవరినీ కాదనలేడు. మీకని తెచ్చిన బెల్లం కూడా మిగల్చలేకపోయేడు. మీరంటే మాత్రం పేణం."

ఇంతలో గార్డు దూసుకొచ్చాడు. "ఎవరండీ ప్రసాదాలు పంచీది? బయట చెప్పులు గుట్టపడిపోయేయి! ఈయన ఎవరి తాలూకు?"

అప్పటిదాకా కళ్లకద్దుకున్న భక్తులందరూ పైకప్పు పరిశీలించసాగారు. సుప్రియ ఆ ఆఖరి ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

"మా తాలూకేనండి."

పై ఆదివారం మెట్ల దగ్గర 'ఇది గుడి కాదు' అని బోర్డు పెట్టారు; సాయంత్రానికల్లా ఎవరో దానికి బంతిపూల దండ వేసి వెళ్లారు.