ఒక సున్నా, పదిహేడు డ్రాఫ్టులు

గవర్నమెంటు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఒక్కసారి చదవగానే మీకు అర్థమైపోయిందా? అయితే మీకు అన్యాయం జరిగింది! ఆ ఉత్తరం రాసినవాడెవడో జీతానికి తగ్గ పని చేయలేదు.

నవ్వకండి. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు మీద ఒట్టేసి చెబుతున్నాను. అర్థం కాని సర్కారు ఉత్తరం ప్రజలకు దొరికిన వరం.

ఆలోచించి చూడండి. అర్థమయ్యే ఉత్తరం వస్తే మీరేం చేస్తారు? చదువుతారు, మడిచి సొరుగులో పడేస్తారు, టీవీ పెట్టుకుంటారు. అదే మా ఆఫీసు ఉత్తరం వచ్చిందనుకోండి. ముందు కళ్ళజోడు వెతుకుతారు. తర్వాత భార్యను పిలుస్తారు. పదేళ్ళుగా "అన్నం పెట్టాను, రండి" తప్ప మరో మాట వినపడని ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని, "పైన పేర్కొన్న రెండవ సూచికలోని అంశానికి భంగం కలగకుండా" అంటే ఏమిటై ఉంటుందా అని మాట్లాడుకుంటారు. ఇద్దరికీ తెలియదు కాబట్టి పక్కింటాయన్ని పిలుస్తారు. ఆయనకూ తెలియదు కాబట్టి, గోడ తగాదాలో మాటలు మానేసిన బావమరిదికి ఫోన్ చేస్తారు. ఎన్ని కుటుంబాలను కలిపామండీ మేము! ఒక్కరైనా థాంక్స్ చెప్పారా?

ఒకాయన మా ఉత్తరం అర్థం చేసుకోవడం కోసమే సాయంకాలం లా కాలేజీలో చేరాడు. ఇప్పుడాయన పట్టా పుచ్చుకున్న లాయరు. ఉత్తరం ఇంకా అర్థం కాలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు కదూ? యంత్రాలు నడిపేవాళ్ళకు లైసెన్సులు ఇచ్చే సర్కారు శాఖలో సీనియర్ సూపర్వైజరీ అటార్నీని. నా హోదా మొత్తం పలికేలోపు లిఫ్టు వచ్చి వెళ్ళిపోతుంది. గది తలుపు మీద బోర్డు పట్టక చివరి రెండక్షరాలు గోడ మీదికి పాకాయి. మా లాయర్ల విభాగంలో ఉత్తరాలు జూనియర్లు రాస్తారు. నేను దిద్దుతాను. పూర్వం ఎర్ర ఇంకు పెన్నుతో దిద్దేవాణ్ణి. ఇప్పుడు కంప్యూటరే ఎర్రగా దిద్దిపెడుతోంది. సైన్సు ఎంత ఎదిగిందో!

నేను దిద్దేది ముఖ్యంగా ఒకే ఒక్క మాట. 'పొరపాటు'.

ఆ మాట మా ఆఫీసు నుంచి బయటికి వెళ్ళకూడదు. వెళ్ళిందంటే ఇంకేముంది! ఇవాళ ఒక పొరపాటు ఒప్పుకుంటే రేపు వంద మంది వచ్చి, "మా సంగతేమిటి?" అంటారు. అందుకని నేను రంగంలోకి దిగుతాను. చిన్నదైతే 'వ్యత్యాసం' అంటాను. కొంచెం పెద్దదైతే 'పరిశీలనలో ఉన్న అంశం'. మరీ ఘోరమైతే 'గతంలో అనుసరించిన విధానం'. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మా ఆఫీసు ఒక్క పొరపాటైనా చేయలేదంటే అది ఎవరి చలవ?

అలవాటు ఇంటిదాకా వచ్చిన మాట నిజమే. పెళ్ళిరోజు మర్చిపోయినప్పుడు మా ఆవిడతో, "తేదీ విషయంలో చిన్న వ్యత్యాసం మా దృష్టికి వచ్చింది" అన్నాను. ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!

ఇంత చక్కగా సాగిపోతున్న విభాగంలోకి ఒక అమ్మాయి జూనియర్‌గా వచ్చింది. తెలివైందే, పాపం. కానీ ఉత్తరం నాలుగు లైన్లకు మించి రాయదు. అందుకే మేమంతా 'నాలుగు లైన్లమ్మ' అంటాం. మా చెల్లెలి కూతురి వయసుంటుంది. ఆ ముఖం చూసి ఊరుకుంటున్నాను గానీ, లేకపోతేనా!

ఆ అమ్మాయి చేతికి ఒక ఫైలు వెళ్ళింది. క్రేన్ ఆపరేటర్ ఫైలు.

మా కిటికీకి ఎదురుగా ఒక భవనం కడుతున్నారు. మా విభాగానికే. ఉత్తరాల డ్రాఫ్టులు పాత భవనంలో పట్టడం లేదు మరి. అక్కడున్న పెద్ద క్రేన్‌ను ఒకావిడ నడిపేది. ఇరవై అంతస్తుల ఎత్తున గాజు గదిలో కూర్చుని, ఇనుప దూలాలను ఇలా ఎత్తి అలా పెట్టేది. ఆవిడ లైసెన్సును మేం రద్దు చేశాం.

ఎందుకంటారా? కళ్ళ డాక్టరు ఆవిడ చూపు 'సిక్స్ బై సిక్స్' అని రాసి పంపాడు. అంటే శుభ్రమైన చూపు. మా దగ్గర టైపు కొట్టేటప్పుడు అది 'సిక్స్ బై సిక్స్టీ' అయింది. అంటే ఎదురుగా ఏనుగు నిలబడినా గోడేమో అనుకునే చూపు. చివర ఒక్క సున్నా! అంత చూపుతో క్రేన్ నడపనిస్తామా? ప్రజల ప్రాణాలంటే మాకు లెక్క లేదనుకున్నారా?

ఆవిడ వేరే వేరే డాక్టర్ల నుంచి మూడు సర్టిఫికెట్లు తెచ్చి అర్జీ పెట్టుకుంది. మూడూ ఒకే మాట చెబుతున్నాయి. మూడూ ఒకేలా ఉన్నాయంటే అనుమానించాలా వద్దా? మీరే చెప్పండి.

నాలుగు లైన్లమ్మ తన బుద్ధి పోనిచ్చుకోలేదు. "మీ కంటి చూపు వివరం నమోదు చేయడంలో మా ఆఫీసులో పొరపాటు జరిగింది. మీ చూపు సరిగ్గానే ఉంది. లైసెన్సు రద్దును ఉపసంహరిస్తున్నాం. మీకు కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాం." అని రాసి, నా ముందుకు తెచ్చి పెట్టింది.

చదివాను. నా కాళ్ళ కింద నేల కదిలింది. ఒక్క ఉత్తరంలో ఇన్ని నిజాలా!

"ఏమ్మా, ఆరోగ్యం బాగుందా?" అన్నాను.

"బాగానే ఉంది సార్. ఈ నెల పదిహేనో తారీకు లోపల మన కాగితం రాకపోతే ఆవిడ సీట్లో వేరేవాళ్ళని ఖాయంగా పెట్టేస్తారట సార్. కాస్త తొందరగా చూస్తారా?"

చూడకేం! పది రోజుల్లో పదహారు సార్లు చూశాను. రెండో డ్రాఫ్టులో 'పొరపాటు' తీసేసి 'వ్యత్యాసం' పెట్టాను. ఐదో దాంట్లో 'విచారిస్తున్నాం' తీసేశాను. మనం విచారించడమేమిటి, విచారణ చేసే శాఖ మనది! తొమ్మిదో డ్రాఫ్టులో నాకొక అద్భుతమైన పాయింటు తట్టింది. సున్నాకు విలువ లేదు కదా? విలువ లేనిది చేరినంత మాత్రాన ఏదీ మారనట్టే కదా? ఏదీ మారనప్పుడు పొరపాటెక్కడిది? ఈ వాదన నాలుగు పేజీలు వచ్చింది. ఆ రోజు అన్నం సయించలేదు, అంత ఆనందం. పదిహేడో డ్రాఫ్టుకు ఉత్తరం పదకొండు పేజీలైంది. లైసెన్సు తిరిగి ఇస్తున్నామా లేదా అన్నది దాంట్లో ఎక్కడుందో నాకే దొరకలేదు. దాన్నే ఖాయం చేశాను.

పద్నాలుగో తేదీ పొద్దున ఆ క్రేన్ ఆవిడే ఆఫీసుకు వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. గుమ్మం దగ్గరే నిలబడింది. నా టేబులు అక్కడికి ఇరవై అడుగులు.

"సార్, ఎనిమిది నెలలుగా నేల మీదే ఉన్నాను" అంది. "మీ కాగితం వచ్చిన దగ్గర్నుంచి మా అమ్మకి భయం పట్టుకుంది. రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటోంది. అమ్మా, నీ సూదిలో దారం ఎక్కించేది నేనేగా అంటే, 'సర్కారువాళ్ళు ఊరికే రాస్తారటే?' అంటుంది. రేపటితో ఆ సీటు పోతుంది సార్. నాకు వేరే పని రాదు."

"అంతా పరిశీలనలో ఉందమ్మా" అన్నాను, పదిహేడో డ్రాఫ్టు మొదటి పేజీని పైకెత్తి చూపిస్తూ. పక్కన ఫైల్లో రద్దు ఉత్తర్వు తెరిచి ఉంది.

ఆవిడ అక్కడి నుంచే చూసింది. "ఆ పేజీ మొత్తం చదివాను సార్. నా పేరు రెండో లైనులో తప్పు పడింది. పొరపాటు అన్న మాట మాత్రం నాకెక్కడా కనపడటం లేదు." చూపు పక్కకు జరిపి, "ఆ పక్కనున్న కాగితంలో, కింద ఎడమ మూల, 'సరిచూశాను' అని పెన్సిలుతో పొట్టి సంతకం ఉంది. అది మీదేనా సార్?" అంది.

చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. భూతద్దం తెప్పించుకుని చూశాను. నాదే. ఆ సున్నాను చూసి, బాగుందని పొట్టి సంతకం పెట్టింది నేనే.

నాకు సిగ్గేసింది. (మొదటి ప్రతిలో ఇక్కడ 'కొంత అసౌకర్యం కలిగింది' అని రాశాను. మా ఆవిడ చదివి, పెన్నుతో కొట్టేసింది.)

కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా? ఆవిడ వెళ్ళగానే నాలుగు లైన్లమ్మను పిలిచాను. "రాసుకో. అర్జీదారు స్వయంగా హాజరై, తనకు 'కనపడటం లేదు' అని అధికారి ఎదుట ఒప్పుకున్నది. కావున రద్దు సక్రమమే. దీన్ని పదిహేడో డ్రాఫ్టు చివర కలిపి పంపించెయ్."

ఆ అమ్మాయి రాయడం ఆపింది. "ఆవిడ అన్నది అదా సార్?" అంది.

"అన్నదా లేదా?"

"అన్నది సార్" అని తల వంచుకుని వెళ్ళింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా డిజిటల్ సంతకం వేయడం నాకు రాదు. ఆ తాళం చెవి లాంటిది ఆ అమ్మాయి కంప్యూటరుకే గుచ్చి ఉంటుంది. పాస్‌వర్డు మర్చిపోకుండా చీటీ మీద రాసి, ఆ స్క్రీన్ మీదే అంటించాను. భద్రత విషయంలో నేను చాలా గట్టి మనిషిని.

గంటలో తిరిగొచ్చింది. ముఖంలో పాలు కారుతున్నాయి.

"సార్, ఫైనల్, ఫైనల్ రెండు, ఫైనల్ ఫైనల్, అసలు ఫైనల్ అని పదిహేడు ఉన్నాయి కదా సార్. దేనికి సంతకం పడిందో చూసుకోలేదు. మొదటిది వెళ్ళిపోయింది."

"నాలుగు లైన్లదా?"

"అదే సార్. ఆవిడకీ వెళ్ళింది, ఆ బిల్డింగు వాళ్ళకీ వెళ్ళింది. కింద మీ పేరు, మీ హోదా. హోదా మాత్రం పూర్తిగా పట్టింది సార్."

"వెనక్కి పిలిపించు! ఇప్పుడే!"

"పిలిపిద్దాం సార్. ఫారంలో కారణం చెప్పమంటోంది. పొరపాటున వెళ్ళింది అని పెడదామంటే, ఆ మాట లిస్టులో లేదు సార్."

ఉండదు. ఆరేళ్ళ కిందట దాన్ని లిస్టులోంచి తీయించింది నేనే. మా ఆఫీసులో జరగని పనికి గడి ఎందుకని పెద్ద నోట్ కూడా రాశాను.

"ఇంకేమున్నాయి?"

"భూకంపం, వరద, అగ్నిప్రమాదం. ఈ మూడే సార్. అగ్నిప్రమాదం అని పెట్టమంటారా?"

అయిదున్నర దాకా ఆలోచించాను. ఉత్తరం పొరపాటున వెళ్ళిందంటే మా ఆఫీసులో పొరపాటు జరిగినట్టు. జరగలేదంటే ఆ ఉత్తరం కావాలనే వెళ్ళినట్టు, అంటే అందులో రాసిన పొరపాటు జరిగినట్టు. ఎటు నడిచినా ఆ మాటే ఎదురొచ్చింది. పోనీ ఒక చిన్న అగ్గిపుల్ల గీద్దామా అని కూడా అనిపించింది. చివరికి సంచి తీసుకుని ఇంటికి వెళ్ళాను.

"ఏమైంది, అలా ఉన్నారు?" అంది మా ఆవిడ.

"ఆఫీసులో ఒక... వ్యత్యాసం."

"పొరపాటా?"

"ఊఁ."

"చెప్పేశారా?"

"వెళ్ళిపోయింది."

"హమ్మయ్య" అని ఆవిడ లోపలికి వెళ్ళి కాఫీ పట్టుకొచ్చింది. పెళ్ళిరోజు సంగతి కూడా అలాగే పంపించెయ్యవచ్చుగా అని అడిగింది గానీ, అది పరిశీలనలో ఉంది.

పదహారో తేదీ పొద్దున మా కిటికీ ముందు క్రేన్ తిరిగింది. ఆకాశం కూలలేదు. వంద మంది వచ్చి మీద పడతారని హడలిపోయాను. ఒక్కరే వచ్చారు, ఆవిడ తల్లి. "మా అమ్మాయికి కనపడుతుందని రాశారట, ఆ కాగితం అసలు కాపీ ఇస్తారా బాబూ, దాచుకుంటాను" అంది. ఇచ్చాం.

అయినా నా సిద్ధాంతంలో మార్పేమీ లేదు. మా ఆఫీసులో ఇప్పటికీ పొరపాట్లు జరగవు. కాకపోతే ఒక ఇబ్బంది వచ్చి పడింది. మొన్న కిటికీ పక్కన కూర్చుని ఎవరిదో లిఫ్టు ఆపరేటర్ ఫైలు దిద్దుతున్నాను. నాలుగు లైన్లమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది.

"సార్, ఆ క్రేన్ ఆవిడ పైనుంచి చేస్తోంది. మీ చేతిలో ఉన్న కాగితం మూడో లైనులో వయసు దగ్గర ఒక సున్నా ఎక్కువ పడిందట. పొట్టి సంతకం పెట్టే ముందు ఒక్కసారి చూసుకోమంటోంది."

చూశాను. నిజమే. లిఫ్టు ఆపరేటర్‌కు నాలుగు వందల ఇరవై ఏళ్ళు. కొట్టేసి, ఎవరైనా చూశారేమోనని కిటికీ వైపు చూశాను. పైన గాజు గదిలోంచి ఒక చెయ్యి ఊగింది.

ఆ కిటికీకి మందపాటి కర్టెన్ కావాలని ఆ రోజే అర్జీ పెట్టాను. కారణం రాయమంటున్నారు!