గులాబీ రిబ్బను కట్టిన పొద

ఆ అక్టోబరు ఉదయం మెర్విన్ వేసుకున్న పథకం చిన్నదే. టీ ఫ్లాస్కు పట్టుకుని తీరం వెనకాల ఉన్న చిత్తడి పొదల్లోకి వెళ్లాలి, ఒక పువ్వు పేరు తెలుసుకోవాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి.

మార్చిలో పోయిన భార్య నెరిడా పూల నోటుపుస్తకాన్ని ఆదివారం ప్రకృతి క్లబ్బుకు అప్పగించాలి. నలభయ్యేళ్లుగా ఆమె పూల బొమ్మలు గీసి పేర్లు రాసుకున్న ఆ పుస్తకంలో ఆఖరి బొమ్మ కింద మాత్రం పేరు లేదు. చుక్కలాంటి అయిదు రేకుల గులాబీ రంగు పువ్వు. ఆ ఖాళీతో పుస్తకాన్ని పంపడానికి మెర్విన్‌కు మనసొప్పలేదు.

పొద కనపడింది. క్లబ్బు వాళ్లు పువ్వు తెంపరు, గుర్తుగా గులాబీ రంగు రిబ్బను కడతారు. మెర్విన్ కూడా ఒకటి కట్టి, క్లబ్బు కార్యదర్శి కొరాలీని పిలుచుకు రావడానికి వెళ్లాడు.

టాస్మేనియాలో అడవి దారికి గుర్తు కూడా గులాబీ రిబ్బనే. అటుగా వచ్చిన నడక బృందం అదే దారనుకుని మోకాళ్ల దాకా బురదలో దిగింది. బూట్లు బురదకే వదిలేసి ఎలాగో బయటపడి, వెనక వచ్చేవాళ్లయినా మునగకూడదని చుట్టూ ఉన్న పొదలన్నిటికీ రిబ్బన్లు కట్టింది. వాళ్ల సంచుల్లో ఉన్నవీ గులాబీవే.

మెర్విన్ కొరాలీతో తిరిగి వచ్చేసరికి అగ్నిమాపక వాలంటీర్ల ట్యాంకరు ఆగి ఉంది. వేసవిలో కార్చిచ్చు రేగకుండా ముందుజాగ్రత్తగా పొదలు కాల్చే వారం అది.

"హద్దు భలే కట్టావోయ్ మెర్వ్!" అన్నాడు వాళ్ల నాయకుడు గోర్డన్. "ఈ లోపలంతా తగలబెట్టేయమనేగా?"

"ఒరేయ్, అగ్గిపుల్ల ముట్టుకున్నావంటే చూడు! అందులో నెరిడా పువ్వుంది!"

"ఏ పొద?"

మెర్విన్ చూశాడు. ముప్పై పొదలు, ముప్పై రిబ్బన్లు. మోకాళ్ల మీద కూలబడి ఒక్కొక్కటే వెతకసాగాడు. గోర్డన్ కూడా టోపీ తీసి బురదలో దిగాడు.

"ఆకు చూడు మెర్వ్. అడుగున కొమ్మను చుట్టుకుని ఉందా?" అంది కొరాలీ.

"ఉంది. దీనికీ ఉంది. అయ్యో, అన్నిటికీ ఉంది!"

"ఉండక ఏం చేస్తుంది? అన్నీ స్వాంప్ హీత్ పొదలే. ఈ బురదలో గడ్డిలా మొలుస్తుంది. నాకు నేర్పింది నెరిడా కాదూ?"

"మరి తనెందుకు రాయలేదు?"

కొరాలీ మెర్విన్ సంచిలోంచి పుస్తకం అందుకుని ఆఖరి పేజీ తిప్పింది. ఏడు నెలలుగా మెర్విన్‌కు చేతులు రాని పని అది. వెనక నెరిడా పెన్సిలు అక్షరాలు ఉన్నాయి.

"ఈ పేరు మెర్వ్ రాయాలి. ఆ వంకనైనా ఇల్లు కదిలి నలుగురితో మాట్లాడతాడు."

గోర్డన్ జేబులోంచి పెన్సిలు తీసి ఇచ్చాడు. మెర్విన్ బురద చేతిని చొక్కాకు తుడుచుకుని, నెమ్మదిగా పేరు రాశాడు.

ముప్పై రిబ్బన్లూ విప్పేసరికి అతను పదిహేడు మందితో మాట్లాడాడు. వాళ్లలో, తిరిగొచ్చిన నడక బృందం పన్నెండు మందీ అడిగింది బురదలో పోయిన బూట్ల గురించే.