బురద దాచి, నీళ్లు పారబోసి

నీళ్ల కష్టం తీరాలంటే ముందు ఇంట్లో ఉన్న నీళ్లన్నీ పారబోయాలి. నవ్వకండి! ఇది సైన్సు.

మావారు విష్ణువర్ధన్ కెమిస్ట్రీ లెక్చరర్. ఆయన తయారుచేస్తున్నవి కోర్-షెల్ మాగ్నెటిక్ నానో పార్టికల్స్. లోపల ఇనుము సరుకు, పైన గాజులాంటి తొడుగు. ఓళిగలో పూర్ణం ఉన్నట్టన్నమాట. కంటికి కనబడవు. కనబడనివాటిని నమ్మడం మనకు కొత్తా? బత్తలపల్లెలో కొళాయి నీళ్లను ఇన్నేళ్లుగా నమ్మడం లేదూ!

ఈ కణం చేయని పని లేదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడును పట్టేస్తుంది, క్రిములను చంపుతుంది, పనయ్యాక అయస్కాంతం చూపిస్తే బుద్ధిగా పక్కకొచ్చి నిలబడుతుంది. అన్ని పనులూ చేసి, పిలవగానే వచ్చేది ఈ ఇంట్లో ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే. పోటీ వచ్చినందుకు ఎంత సంతోషమో!

మా అత్త హనుమక్క మోకాళ్లు ఆ బోరు నీళ్లకే బిగుసుకుపోయాయి. కొడుకు చేయబోయే మంచినీళ్ల కోసం ఆమె చెంబు కడిగి పెట్టుకుని కూర్చుంది.

కాలేజీ ల్యాబులో నీళ్లు లేక సింథసిస్ మా వంటింటికి వచ్చింది. ఎంత భాగ్యం! పొయ్యి ఖాళీ లేదు కాబట్టి నాకు వంట తప్పింది. నల్లటి ముద్ద తయారైంది. దాన్ని కడగాలట. అందుకు బోరు నీళ్లు పనికిరావట, కొనితెచ్చిన క్యాను నీళ్లే కావాలట! ఆయన నీళ్లు పోస్తారు. గిన్నె కింద అయస్కాంతం పెడతారు. నలుపంతా అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు సింకులోకి! మళ్లీ పోస్తారు. షెల్ తొడిగాక మళ్లీ మొదటినుంచి!

అత్త గడప పట్టుకుని చూసి చూసి, "ఏమప్పా, బురద దాచిపెట్టుకొని నీళ్లు పారబోస్తాండావు?" అంది.

"బురద కాదమ్మా, నానో!"

"నానోనో నా మొగమో! క్యాను అయిపోయినాది గదప్పా. ఇంగ నేనేం తాగల్ల?"

"ఈ పొద్దుకు బోరు నీళ్లు తాగమ్మా!"

ఏం ముందుచూపు! ఆమె మోకాళ్లు బాగుపడితే ఈయన రీసెర్చ్ ఏం కావాలి?

అత్త ఆ అయస్కాంతం తీసి నా చేతిలో పెట్టింది. "ఆ కొళాయికి పెట్టి చూడు సరళా. నీళ్లేమన్నా లాగుతాదేమో!"

పెట్టాను. టక్కున అతుక్కుంది! ఆశగా తిప్పాను. ఉస్సుమని గాలి వచ్చింది.

కోర్-షెల్ అంటే ఏమిటో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. మా వీధికి కొళాయి గొట్టాల షెల్ ఎప్పుడో వేసి వెళ్లారు. ఇక లోపలికి కోర్ రావడమే తరువాయి. దాని మీద రీసెర్చ్ చేసేవాళ్లెవరైనా ఉంటే మా ఇంటికి రండి. చెంబు కడిగే ఉంది.