తీగ లేని ప్రింటరు, తిరుగులేని రుక్మిణి

మా ఆవిడ సెక్రటరీ ఎలా అయిందని మీరందరూ అడుగుతూనే ఉన్నారు. నేను నవ్వి ఊరుకుంటున్నాను. నేను ఊరుకున్నకొద్దీ మీరు తలొక కథా అల్లేస్తున్నారు. అందుకని అసలు జరిగింది నేనే చెప్పేస్తాను. టీ చల్లారేలోపు అయిపోతుంది, వినండి.

రెండువేల తొమ్మిదో సంవత్సరం. టాటానగర్లో, సోనారిలో మా బిల్డింగు మీకు తెలుసు కదా. మెట్లెక్కగానే కుడివైపు తలుపు మాది, ఎడమవైపు తలుపు అచ్యుతరామయ్యగారిది. వాళ్ళ హాలుకీ మా హాలుకీ మధ్య ఒకటే గోడ. ఆయన అక్కడ తుమ్మితే నేను ఇక్కడ బయల్దేరబోయి ఆగిపోతాను. అంత దగ్గర.

ఇద్దరం ఉక్కు కంపెనీ ఇంజినీర్లమే. ఆయన కోక్ ఓవెన్స్, నేను రోలింగ్ మిల్లు. కాకపోతే ఆయనకి సభలంటే ప్రాణం. మా తెలుగు మిత్రమండలిలో చిన్నపిల్లల వేషాల పోటీకీ ఆయనే అధ్యక్షుడు, సంతాప సభకీ ఆయనే అధ్యక్షుడు. అందుకే ఆయన లేనప్పుడు మేం ఆయన్ని అధ్యక్షతరామయ్య అంటాం. ఆ ఏడు మండలికి సెక్రటరీ కావాలని ఆయన కలగన్నారు. దురదృష్టం ఏమిటంటే, నేనూ అదే కల కన్నాను.

ఎన్నిక ఆదివారం సాయంత్రం. మూడ్రోజుల ముందు రుక్మిణి చపాతీలు ఒత్తుతూ ఒక వార్త వేసింది.

"ఏవండీ, పక్కింటోళ్ళు ప్రింటరు తెచ్చేరు. వైరుండదట. అమ్మణ్ణి వదిన చూపించింది. ఇక్కడ నొక్కితే అక్కడ వత్తాది."

"ఏటొత్తాది?"

"కాగితం. మరేటొత్తాది, కాఫీయా?"

నాకు చపాతీ గొంతులో అడ్డం పడింది. అచ్యుతరామయ్య ఇంట్లోనే కరపత్రాలు వేసుకుంటున్నాడన్నమాట! నేనేమో ఇంకా సాక్చీలో జిరాక్సు షాపు చుట్టూ తిరుగుతున్నాను.

మర్నాడే వెళ్ళి ఆయన కొన్న షాపులోనే అదే మోడలు కొన్నాను. ఆయనకంటే తక్కువది కొంటే నాకు నామోషీ, ఎక్కువది కొంటే రుక్మిణికి కోపం.

"జోడీ మాల్ హై సర్," అన్నాడు షాపువాడు. "ప్రింటర్ కే సాథ్ వైఫై కా డబ్బా. బస్, ఆన్ కీజియే, అప్నే ఆప్ జుడ్ జాయేగా."

ప్రింటరుకి వైఫై డబ్బా జతట, ఆన్ చేస్తే అదంతట అదే కలిసిపోతుందట. పెళ్ళిచూపుల్లో మా పెద్దలు కూడా సరిగ్గా ఇదే మాట అన్నారు.

ఇక కరపత్రం. ఆ శనివారమంతా కూర్చుని రాశాను. ఎండాకాలంలో బస్టాండు దగ్గర మజ్జిగ పందిరి. ఆదివారాల్లో, ఇంట్లో తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్లలకి తెలుగు బడి. తుఫానుకి రైళ్ళాగిపోయి టాటానగర్ స్టేషన్లో చిక్కుకుపోయిన మనవాళ్ళకి పులిహోర పొట్లాలు. ఇవన్నీ వర్ణించి, కింద ఇలా ముగించాను: "ఇవన్నీ చేసింది ఎవరు? మీ సేవకుడు సీతారామరావు!"

నిజానికి ఇవన్నీ చేసింది రుక్మిణి. నా పాత్ర బొత్తిగా లేదని కాదు. పులిహోర గిన్నె స్కూటరు మీద పెట్టుకుని స్టేషనుకి చేర్చింది నేనే. దారిలో బరువు తగ్గించింది కూడా నేనే.

ఆదివారం పొద్దున్నే యజ్ఞం మొదలైంది. ప్రింటరుని హాల్లో టీపాయి మీద ప్రతిష్ఠించాను. వైఫై డబ్బాకి రెండు కొమ్ములున్నాయి. వాటిని నిలబెట్టి, కంప్యూటరు ముందు కూర్చుని నొక్కాను. "ప్రింటరు దొరికింది. కలపమంటారా?" అని అడిగింది. కలపమన్నాను. "కలిసింది" అంది.

"రుక్మిణీ! కలిసిపోయింది!" అని నేను పెట్టిన కేకకి రుక్మిణి చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"ఎవరితో? మాటల్లేని రాజమండ్రి బాబాయితోనా?"

"ప్రింటరే! వైరు లేదు, ఏమీ లేదు. చూడు, నొక్కుతున్నాను."

నొక్కాను. ఇద్దరం ప్రింటరు నోట్లోకి చూస్తూ నిలబడ్డాం. అది ఒక పచ్చదీపాన్ని ఆర్పి వెలిగించింది. అంతే.

"నవ్వుతన్నాదండీ మిమ్మల్ని చూసి," అంది రుక్మిణి.

మళ్ళీ నొక్కాను. దీపం మళ్ళీ కన్నుకొట్టింది. ఈసారి పది కాపీలు అడిగాను. కాగితం అంచు కూడా కదల్లేదు.

ఇంజినీరు ఓడిపోతాడా? లోపం గాలిలో ఉందని తేల్చాను. డబ్బాకీ ప్రింటరుకీ మధ్య ఏదో అడ్డొస్తోంది. ముందు బీరువా జరిపాను. తరవాత మిక్సీ ఆపమన్నాను. తరవాత ప్రెషర్ కుక్కరు.

"కుక్కరేటి చేసిందండీ?"

"అల్యూమినియం. తరంగాల్ని వెనక్కి కొడుతుంది."

"మరైతే పప్పు?"

"పప్పు తరంగాల్ని ఏమీ చెయ్యదు."

"నేనడిగింది మజ్జానం పప్పు సంగతండీ!"

డబ్బాని బీరువా మీద పెట్టాను. కాదని ఫ్యాను రెక్కకి కట్టాను. రుక్మిణి ఫ్యాను స్విచ్చి దగ్గర నిలబడి, "వేసీమంటారా? గాల్లో ఉందంటన్నారు కదా, గాలి బాగా ఆడతాది," అంది. దాన్ని దింపి ఆవిడ చేతికిచ్చి, కాస్త ఎత్తి పట్టుకోమన్నాను. ఆవిడ ఒక చేత్తో కొమ్ముల డబ్బా, రెండో చేత్తో గరిటె పట్టుకుని నిలబడితే, ఏ దేవత రూపమో పోల్చుకోలేక నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ప్రింటరు మాత్రం దణ్ణానికి కూడా కరగలేదు. దాన్ని ఎత్తుకుని గదిగదీ తిప్పాను. మంచం మీద పెట్టాను, పిండి డబ్బా మీద పెట్టాను. పెట్టిన ప్రతిచోటా నొక్కుతూనే ఉన్నాను, కాపీలు పెంచుతూనే ఉన్నాను.

అప్పుడు తలుపు చప్పుడైంది. అచ్యుతరామయ్యగారి భార్య అమ్మణ్ణిగారు. ఎన్నడూ లేనిది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"అన్నయ్యగారు పన్లో ఉన్నట్టున్నారు. వదినా, ఓపాలి మా ఇంటికి రావా? కరివేపాకిత్తాను."

మా ఇంట్లో కరివేపాకు కుండీ ఉంది. ఆ సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. రుక్మిణి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. గోడ అవతల ఆడవాళ్ళిద్దరి నవ్వు వినిపించింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. మళ్ళీ ఏవో గుసగుసలు. అచ్యుతరామయ్య మాత్రం ఇంట్లో లేడని తెలుస్తూనే ఉంది, ఉపన్యాసం వినబడటం లేదు. పొద్దున్నే ఓట్లడగడానికి మాంగో పేటకి వెళ్ళాడట.

రుక్మిణి తిరిగొచ్చి నాకు కాఫీ ఇచ్చింది. రెండో కాఫీ, నేను అడక్కుండా! కాపరం చేస్తున్న మగవాడెవడైనా అక్కడే జాగ్రత్తపడాలి. నేను ఊదుకుంటూ తాగాను.

"ఏటి రాసేరండీ అందులో?" అంది, చాలా మామూలుగా.

"రాజకీయాలు. నీకెందుకులే."

ఆవిడ నా వంక ఒక్క నిమిషం చూసింది. తరవాత కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"నాకేటి తెలుసులెండి. ఒక్క మాట మటుకు చెప్తాను. మీ పేరు అంతంత అచ్చక్షరాల్లో వేత్తే అందరి కాగితాల్లాగే ఉంటాది. అదే, ఆ చోటు ఖాళీగా వదిలేసి, పేరు చేత్తో రాత్తే? ఇంటికొచ్చి పలకరించినట్టుంటాది."

నాకు కళ్ళు చెమర్చాయి. నా గెలుపు కోసం నా భార్య ఆలోచిస్తోంది! పేరు తీసేశాను.

"సేవకుడేటండీ, పాతకాలం నాటకంలో లాగ. అదీ తీసేయండి."

తీసేశాను. ఇప్పుడు "ఇవన్నీ చేసింది ఎవరు?" అని ఉండి, దాని కింద ఖాళీ గీత మిగిలింది. తెలుగు వ్యాకరణం కూడా ఆవిడ పక్షమేనని నాకప్పుడు తెలియదు. చేసింది అంటే ఆడైనా కావచ్చు, మగైనా కావచ్చు.

"మరి ప్రింటరు వెయ్యట్లేదు కదా?"

"కొత్త మిషను. బిడియం ఉండదేటి? ఎన్ని కావాలో ఒక్కసారే చెప్పేసి వదిలీండి. అన్నీ లోపల దాచుకుని, కుదురుకున్నాక ఒక్కసారే ఇచ్చేత్తాది."

"దాన్ని క్యూ అంటారు రుక్మిణీ," అన్నాను, ఆవిడకి తెలియని విషయం చెబుతున్న దర్పంతో.

"ఓలమ్మా, అలాగా!" అంది.

రెండు వందలు కొట్టాను. కంప్యూటరు చాలాసేపు గిరగిరా తిరిగి, "ముద్రణ పూర్తయింది" అంది. నేను ఖాళీ ప్రింటరు వంక చూశాను.

"పూర్తయిందంటోంది."

"అయితే అయిపోయినట్టే," అంది రుక్మిణి. "మీకు నోరుంది కదా, సాయంత్రం నోటితో చెప్పుకోండి. నేనూ అమ్మణ్ణి వదినా ముందెళ్ళి కుర్చీలేయిత్తాం."

సాయంత్రం ఇస్త్రీ పంచె కట్టుకుని కమ్యూనిటీ హాలుకి వెళ్ళాను. గుమ్మంలోనే ఆగిపోయాను. ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక కాగితం. నా కరపత్రం! నా మజ్జిగ పందిరి, నా తెలుగు బడి, నా పులిహోర!

అంటే ప్రింటరు పని చేసిందన్నమాట. ఆనందంతో ఒకాయన చేతిలోంచి కాగితం లాక్కుని చూశాను. "ఇవన్నీ చేసింది ఎవరు?" కింద గీత మీద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో ముద్దుముద్దుగా రాసి ఉంది: రుక్మిణి.

ఇంకో కాగితం చూశాను. రుక్మిణి. పక్కది ఎర్ర పెన్ను. రుక్మిణి. చేతిరాతలు మారుతున్నాయి గానీ పేరు మారడం లేదు. మొత్తం మహిళా విభాగమంతా కూర్చుని రాసినట్టుంది.

నా వెనకే వచ్చిన అచ్యుతరామయ్యగారు కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. "ఈ అంచున నల్లగీత మా మిషనుదే! నా ప్రింటరు మీద ఎవరు వేసేరిది?"

"అన్నయ్యగారే వేసేరండీ," అమ్మణ్ణిగారు లేచి నిలబడి చెప్పింది. "పొద్దున్నించీ నేనేటీ నొక్కలేదు. మన మిషను దానంతటదే కాగితాలు కక్కుతన్నాది. ముందు దెయ్యమనుకున్నాను. చదివితే మన సీతారామరావు అన్నయ్యగారు."

హాలంతా గొల్లుమంది. సంగతేమిటంటే, ఒకే షాపులో కొన్న మా రెండు డబ్బాలకీ ఫ్యాక్టరీ వాడు పెట్టిన పేరు ఒకటే. నేను మార్చలేదు, ఆయనా మార్చలేదు, తాళం ఇద్దరిలో ఎవరూ వెయ్యలేదు. నా కంప్యూటరు గోడ దూకి వాళ్ళ డబ్బాని పట్టుకుంది. అది చూపించిన ప్రింటరుని నేను నాదే అనుకున్నాను. నేను బీరువాలు జరుపుతున్నంతసేపూ ప్రత్యర్థి ఇంట్లో, ప్రత్యర్థి ఇంకుతో, ప్రత్యర్థి కాగితం మీద నా ప్రచారం జోరుగా సాగింది.

"కాగితాలైపోతే మీరు తెచ్చుకున్న కట్ట కూడా నేనే ఎట్టేనండీ," అంది అమ్మణ్ణిగారు భర్తతో. ఆయన నోరు తెరిచారు. ఉపన్యాసం రాలేదు. సోనారి చరిత్రలో అదే మొదటిసారి.

ఎన్నిక జరిపిస్తున్నది ముసలయ్యగారు, మండలిలో అందరికంటే పెద్దాయన. కళ్ళజోడు సవరించుకుని కరపత్రం మొత్తం పైకి చదివారు. చదవడం అయ్యాక నన్ను లేపారు.

"బాబూ సీతారామరావూ, రాత నీదంటన్నారు. నువ్వే చెప్పు. ఇందులో రాసిందంతా నిజమేనా?"

నేను రుక్మిణి వంక చూశాను. అందరూ నవ్వుతున్నారు, ఆవిడ ఒక్కతే నవ్వడం లేదు. చేతులు కట్టుకుని నిలబడి నా మొహమే చూస్తోంది. ఆ ఎండల్లో మజ్జిగ కుండలు మోయించిన రోజులూ, తుఫాను రాత్రి గంగాళంలో చింతపండు పులుసు కలిపిన చేతులూ ఒక్కసారి నా కళ్ళముందు తిరిగాయి. నా పేరున్నప్పుడు ఆ కాగితం కోతలు. ఆవిడ పేరు పడేసరికి అక్షరం పొల్లుపోకుండా నిజమైపోయింది.

"ప్రతి అక్షరం నిజమేనండీ," అన్నాను. "నేను పోటీలో లేను. నా ఓటు రుక్మిణికి."

ముందు లేచింది నా చెయ్యి. తరవాత ఆడవాళ్ళందరివీ. తరవాత వాళ్ళ వాళ్ళ మొగుళ్ళవి. ఆఖరికి అమ్మణ్ణిగారు ఒక్క చూపు చూస్తే అచ్యుతరామయ్యగారిది కూడా. మండలి పుట్టాక మొదటి ఏకగ్రీవం! చప్పట్లకి కిటికీ అద్దాలు గలగలలాడాయి. నాకు ఛాతీ ఎంత పొంగిందంటే, గెలిచింది నేనేనేమో అని రెండు మూడు నమస్కారాలు కూడా పెట్టేశాను.

మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి రుక్మిణీ అమ్మణ్ణిగారూ మా హాల్లో చాప మీద కూర్చుని ఉన్నారు. ప్రింటరుతో వచ్చిన పుస్తకం ముందు తెరిచి ఉంది. నేను అట్టపెట్టెతో సహా అటక మీద పారేసిన పుస్తకమే అది. మా డబ్బాకి పేరు మార్చారు, తాళం వేశారు. రుక్మిణి నొక్కింది. మా ప్రింటరు గుర్రుమని, దర్జాగా ఒక కాగితం బయట పెట్టింది. ఇద్దరూ చప్పట్లు కొట్టి కేకలేశారు. నేనూ వేశాను.

"ఎలా కలిపేవే?"

"చదివేనండీ," అంది.

కాగితం చేతిలోకి తీసుకున్నాను. కొత్త సెక్రటరీ పేరున వచ్చే ఆదివారం సభకి ఆహ్వానం. అధ్యక్షత అమ్మణ్ణిగారు. అట్టడుగున చిన్న అక్షరాల్లో, కుర్చీలు వేయువారు: శ్రీ అచ్యుతరామయ్య, శ్రీ సీతారామరావు.

ఆ ఆదివారం మేమిద్దరం హాల్లో పొడుగు బల్ల మోస్తున్నాం. అచ్యుతరామయ్యగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"వచ్చే ఏటి ఎన్నికల్లో మనిద్దరం కలిస్తే ఎలాగుంటాదంటారు?"

గుమ్మం దగ్గర రుక్మిణి మైకు పరీక్షిస్తూ మావైపే చూస్తోంది.

"ముందు మీరా చివర సరిగ్గా పట్టుకోండి," అన్నాను.