లేతు చక్రం మీద నిఘా

సొంత ఇంట్లో, సొంత యంత్రానికి, సొంత చేతులతో బిగించిన చక్రం ఏ వైపు తిరుగుతోందో తెలుసుకోవడానికి మనిషి ఇరుగుపొరుగుల అనుమతి కోరిన రోజున ఆ సమాజం సంపూర్ణంగా నాగరికమైనట్టు లెక్క. ఆ లెక్కన తైచుంగ్ నగరంలోని యూసోంగ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్ గత జూన్ నెలలోనే ఆ స్థితికి చేరుకుంది. (గార్డెన్స్ అంటే లిఫ్టు పక్కనున్న రెండు కుండీలు.)

ఐదో అంతస్తులో ఉండే ల్యావ్ జిన్‌ఫా ముప్పై ఎనిమిదేళ్లు ఊరి పక్క కొండ కింది కర్మాగారాల్లో లేతు మీద, అంటే ఇనుమును తిప్పి కోసే యంత్రం మీద, పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత చేతులు ఊరుకోక, వెనక బాల్కనీలో వాషింగ్ మెషీనుకీ గ్యాస్ గీజరుకీ నడుమ, కంప్యూటరుతో నడిచే చిన్న లేతు ఒకటి కట్టుకున్నాడు. భార్య సూచిన్ మార్కెట్లో ఐసు తురుము అమ్ముతుంది. ఆమె యంత్రంలో ఐసుగడ్డను పైనుంచి నొక్కిపట్టే పెద్ద స్క్రూ ఒకటుంది. సరిగ్గా ఎండలు ముదిరే వేళకి దాని మరలు, అంటే చుట్టూ తిరిగే గాట్లు, అరిగిపోయాయి. యంత్రం తయారుచేసిన కంపెనీ మూతపడి ఇరవై ఏళ్లయింది. సూచిన్ ఐసుగడ్డను చేత్తో తురమడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి కుడి భుజం నిండా మందు పట్టీలే.

“ముప్పై ఎనిమిదేళ్లు ఊళ్లోవాళ్లందరి స్క్రూలూ చేశావు. నాదొక్కటి చెయ్యలేవా?” అందామె, పట్టీ అంటించమని వీపు తిప్పుతూ.

“చేస్తానే. నాలుగు రోజులాగు.”

బయట ఎవరి దగ్గరైనా చేయించుకోవచ్చు. కానీ లేతు మేస్త్రీ పెళ్లాం స్క్రూ బయట చేయించిందని మార్కెట్లో తెలిస్తే ఆ మేస్త్రీ మళ్లీ అటువైపు వెళ్లలేడు.

మరలు సరిగ్గా తెగాలంటే, పనిముక్కను పట్టుకు తిరిగే ఇరుసు ఏ క్షణాన ఎక్కడుందో కంప్యూటరుకి తెలియాలి. అందుకోసం జిన్‌ఫా ఇరుసు వెనక నూరు కంతలున్న పల్చటి చక్రం ఒకటి బిగించాడు. ఆ చక్రపు అంచును అటూ ఇటూ పట్టినట్టు ఉండే చిన్న సెన్సర్లు మూడు తెప్పించాడు. ఒక్కోదాంట్లో ఒక పక్క దీపం, ఇంకో పక్క కన్ను. రెండు సెన్సర్లు కంతలు లెక్కపెడతాయి. మూడోది చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక్కసారి చెబుతుంది. మొదటి రెండింటి మధ్య సరిగ్గా పావు కంత (కంతకీ కంతకీ ఉన్న ఎడంలో నాలుగో వంతు) తేడా ఉండాలి. అంటే ముప్పాతిక మిల్లీమీటరు. చంద్రుడి పండక్కి పంచే మూన్‌కేకుల డబ్బా అట్ట సరిగ్గా అంతే మందం ఉందని కనుక్కోవడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది. ఆ అట్టముక్కను అడ్డం పెట్టి రెండో సెన్సరు బిగించాడు.

ఆయన చేసిన తప్పు ఒక్కటే. పార్శిలు మీద ‘కాంతి సెన్సర్లు, మూడు’ అని రాసి ఉండగా దాన్ని కింద వాచ్‌మన్‌ని అందుకోమన్నాడు. వాచ్‌మన్ దాన్ని రిజిస్టర్లో ఎక్కించాడు. రిజిస్టరును మేనేజరు షే చదివాడు. (యూసోంగ్ గార్డెన్స్‌లో రిజిస్టర్లు చదివే ఉద్యోగి ఆయనొక్కడే. రాసేవాళ్లు నలుగురు.) నిబంధన 17 ప్రకారం ‘కాంతి సాయంతో చూడగలిగిన ప్రతి పరికరమూ’ నిఘా కెమెరాయే.

మర్నాడు ఉదయం షే దరఖాస్తుతో పైకొచ్చాడు.

“ఏమనుకోకండి మేస్త్రీ గారూ. నాలుగు ఖాళీలు నింపితే అయిపోతుంది. ఇవి ఏం చూస్తాయి?”

“కంతలు.”

“ఎవరి కంతలు?”

“చక్రానివి బాబూ.”

షే ‘చూడబడు వ్యక్తి పేరు’ అన్నచోట చక్రం అని రాశాడు. “మీకేమవుతుంది?”

“నేనే చేశాను.”

‘సంతానం’ అని రాసుకుని, చూడబడు వ్యక్తికి కనబడేటట్టు ‘మీరు నిఘాలో ఉన్నారు’ అన్న బోర్డు పెట్టాలని చెప్పాడు. జిన్‌ఫా చక్రానికి ఎదురుగా, గోడ మీద, బోర్డు తగిలించాడు.

బుధవారం సాయంత్రం, చెత్తబండి వచ్చి వెళ్లాక, కింది హాల్లో పింగ్‌పాంగ్ బల్ల చుట్టూ అపార్ట్‌మెంట్ సంఘం వారి నిఘా ఉపసంఘం కూర్చుంది. అధ్యక్షురాలు ఔయాంగ్ గారు ఒక బడిలో ఉపప్రధానోపాధ్యాయురాలిగా చేసి రిటైరైన మనిషి. అన్యాయం అంటే గిట్టదు.

“ఒక చక్రానికి రెండు కెమెరాలెందుకు?” అని అడిగారావిడ.

“ఒకటే ఉంటే తిరుగుతోందని తెలుస్తుందండీ టీచరమ్మగారూ. ఎటు తిరుగుతోందో తెలీదు. రెండోది పావు కంత వెనగ్గా ఉంటే, ముందు ఏది చూసిందో దాన్నిబట్టి కంప్యూటరు పోల్చుకుంటుంది.”

“అంటే రెండోది ఎప్పుడూ ఆలస్యమే.”

“అటు తిప్పితే ఇది ఆలస్యం, ఇటు తిప్పితే అది ఆలస్యమండీ.”

“వంతులేసుకుని ఆలస్యంగా వస్తే హాజరు సరిపోతుందా మేస్త్రీ?”

ముప్పై ఎనిమిదేళ్లలో ఏ ఇంజనీరూ జిన్‌ఫాని ఈ ప్రశ్న అడగలేదు.

రెండు కెమెరాలూ ఒకే క్షణంలో చూసేలా, ఒకే గీత మీద పెట్టాలని తీర్మానించడమైనది. చుట్టుకి ఒక్కసారి మాత్రమే చూసే మూడోదాన్ని, వాచ్‌మన్ పనితీరుతో సమానంగా ఉన్నందున, చర్చ లేకుండా ఆమోదించడమైనది. ఔయాంగ్ గారు స్వయంగా ఐదో అంతస్తుకి స్కేలు తెచ్చి, గీత చూసి, సెన్సర్లు కదలకుండా సంఘం ముద్రతో కాగితం సీలు అంటించారు.

అట్టముక్క లేకుండా జిన్‌ఫా లేతు నడిపాడు. ఇరుసు నిమిషానికి ఆరొందల చుట్లు తిరుగుతోంది. తెర మీద సున్నా. రెండు కళ్లూ ఒకేసారి తెరుచుకుని ఒకేసారి మూసుకుంటుంటే, కంప్యూటరు దృష్టిలో అది అసలు కదలడం లేదు. ఆయన స్విచ్చి ఆపి వాషింగ్ మెషీను మీద కూలబడ్డాడు. కళ్లెదుట తిరుగుతున్నదాన్ని తిరగడం లేదని చెప్పించుకోవడం జీవితంలో మొదటిసారి.

ఆయన రాతపూర్వకంగా మొరపెట్టుకున్నాడు. చక్రం కదలికలు ఎవరికీ తెలియడం లేదన్న సంగతిని సంఘం ‘చూడబడు వ్యక్తి గోప్యతకు పూర్తి రక్షణ’ అని మినిట్స్‌లో నమోదు చేసుకుని హర్షం వ్యక్తం చేసింది.

ఆ వారం సూచిన్ బేరం మానేసి తానే కింది హాల్లో ఉపసంఘం సమావేశానికొచ్చింది. చెయ్యి భుజం పైకి లేవడం లేదు.

“టీచరమ్మగారూ, రోజూ మూడింటికి చేమదుంప ముక్కల ఐసు తింటారు కదా మీరు. నిన్న దొరికిందా? ఇవాళ దొరికిందా?”

ఔయాంగ్ గారు కళ్లద్దాలు తీసేశారు. “ఐసు విషయంలో నాకు స్వప్రయోజనం ఉంది సూచిన్. కాబట్టి నేనిక్కడ ఉండకూడదు,” అని లేచి బయటికి వెళ్లి నిలబడ్డారు. ఆవిడ లేకపోతే కోరం లేదు. సమావేశం ముగిసింది.

“తిన్నంతసేపూ ఈ నీతి ఎక్కడికి పోయిందో,” అంది సూచిన్, గాజు తలుపు వైపు చూస్తూ.

షేకి మనసులో బాధగానే ఉంది. అతనికి తెలిసిన సాయం ఒక్కటే, ఇంకో నిబంధన వెతకడం. వెతికితే దొరికింది కూడా. ఒకే వ్యక్తిని రెండు కెమెరాలు చూడరాదు, అది వేధింపు. పై వారం తాఖీదు వచ్చింది. ఏడు రోజుల్లోగా రెండో కెమెరాకి వేరే చక్రం సమకూర్చాలి (చుట్టుకి ఒక్కసారే చూసేది లెక్కలోకి రాదు).

“ఇంకోటి చెయ్యాలట,” అన్నాడు జిన్‌ఫా, తాఖీదు భార్యకి చూపిస్తూ.

“చెయ్యి మరి. చక్రాలే చేస్తూ కూర్చో. నేను దంతాలతో కొరికి అమ్ముతా ఐసు.”

ఆయన రెండో చక్రం కోశాడు. అదే కొలత, అవే నూరు కంతలు. మొదటిదాని పక్కనే అదే ఇరుసుకి, రెండో సెన్సరు దీన్నే చూసేలా, ఎక్కించాడు. సెన్సర్లు గీత మీదే, సీలు కిందే ఉన్నాయి. బోల్టు బిగించబోతుండగా ఆయన చెయ్యి ఆగింది. తీర్మానం తెచ్చి మొదట్నుంచి చదివాడు. చూసేవాటిని కదపకూడదని పదకొండుచోట్ల ఉంది. చూడబడేదాన్ని కదపకూడదని ఎక్కడా లేదు.

మూన్‌కేకుల డబ్బా అట్ట అడ్డం పెట్టి రెండో చక్రాన్ని ముప్పాతిక మిల్లీమీటరు పక్కకి తిప్పి బోల్టు బిగించాడు. లేతు నడిపాడు. తెర మీద అంకెలు కదిలాయి. వెనక్కి తిప్పాడు. అంకెలు వెనక్కి నడిచాయి. ఆయన పది నిమిషాలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత స్టీలు కడ్డీ బిగించాడు.

తనిఖీకి వచ్చిన ఔయాంగ్ గారు సెన్సర్ల మీద స్కేలు పెట్టి చూసి, “ఇప్పుడు రెండూ సమయానికి వస్తున్నాయి,” అన్నారు.

“అవునండీ,” అన్నాడు జిన్‌ఫా.

సూచిన్ కొత్త స్క్రూని ఎడమ చేత్తో తిప్పి చూసింది. అది ఐసుగడ్డ మీదికి చప్పుడు లేకుండా దిగింది. “కొంచెం బిగువుగా ఉంది,” అంది. తురిమిన మొదటి గిన్నెడు ఐసు మీద పాలు ఎక్కువ పోసి ఆయన ముందు పెట్టింది.

కథ ఇక్కడితో ముగియాలి. కానీ జూలై పదో తేదీ ఉదయం సెల్లారులో ఔయాంగ్ గారి సైకిలు పోయింది. భవనంలోని పదకొండు కెమెరాలూ రెండు తుఫాన్ల కిందటే పాడైపోయాయి. రిజిస్టరు ప్రకారం పనిచేస్తున్న కెమెరాలు ఐదో అంతస్తులో మూడున్నాయి. ఆ ఉదయం దృశ్యాలు సమర్పించాలని జిన్‌ఫాకి తాఖీదు వచ్చింది.

ఆయన ఉన్నదే సమర్పించాడు. ఆరు పేజీల అంకెలు. ఔయాంగ్ గారు కళ్లద్దాలు పెట్టుకుని ఆరు పేజీలూ చదివారు.

“ఇందులో దొంగ లేడు.”

“లేడండీ. నాలుగువేల చుట్లు ముందుకి, రెండొందలు వెనక్కి.”

“సైకిలుకీ రెండు చక్రాలే కదా మేస్త్రీ గారూ,” అన్నాడు షే. “ఒక్కదాన్నైనా చూసుండాల్సింది.”

చర్చ గంటసేపు సాగింది. పనిచేస్తున్న మూడు కెమెరాలూ తప్పు చోట అమర్చినందువల్లే దొంగతనం జరిగిందని, అందుకు ఐదో అంతస్తు బాధ్యత వహించాలని తీర్మానించడమైనది. పనిచేయని పదకొండు కెమెరాలూ సరైన చోటే ఉన్నందుకు సంఘం సంతృప్తి వ్యక్తం చేసింది.